చెల్లెలి మోకాలు

"కత్తెర ఆడ పెట్టు స్టెల్లా. ఆ కట్టు మీద చెయ్యేసినావంటే మర్యాదగా ఉండదు."

నాయన గుమ్మానికి అడ్డంగా నిలబడినాడు. మంచం మీద రెబెకా కాలు చాపుకోని కూర్చోనుండాది. మోకాలికి పైన జానెడు, కింద జానెడు కట్టు. వెదురు బద్దలు, పాత పంచె గుడ్డ, గుడ్డు తెల్లసొనలో కలిపిన ఆకు పసరు. తొమ్మిది రోజులుగా ఇల్లంతా అదే వాసన.

"పదకొండు గంటలకి స్కానింగు నాయనా. ఈ బద్దల్తో మిషన్లోకి పోనీరు."

"ఇంగో కట్టు పడాల. మూడు కట్లు పడితే నరం కూడుకుంటాది. మునివెంకటప్పను అడుగు పో."

"ఆ తాత ఏం చెప్పినాడో నేనూ విన్నా. 'ఇది ఎముక గాదు జయరావూ, నా చేతిలో లేదు' అన్నాడు. నువ్వే ఆయన గడ్డం పట్టుకోని కట్టించినావు."

నిజం చెప్పాలంటే ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు మించింది లేదని నేనూ ఒప్పుకుంటా. అమ్మకు మణికట్టు విరిగితే ఆ కట్టుతోనే బాగయింది. ఐరాల చుట్టుపక్కల ఆ పని బాగా తెలిసినోడు మునివెంకటప్ప తాతే. కానీ రెబెకాకి విరిగింది ఎముక గాదు. బెంగుళూరు క్లబ్బు ఫుట్‌బాల్ మ్యాచిలో, గోలు కాడికి దూసుకొచ్చిన పిల్ల కాళ్ళ కింద నుంచి బంతి లాగబోయి మోకాలు తిప్పుకునింది. తిప్పుకోని బయటికి రావచ్చు గదా? రాలేదు. ఇంగో ఇరవై నిమిషాలు ఆ కాలితోనే ఆడింది. 'ఊరికే బెణికింది' అని క్లబ్బుకి చెప్పి, నేషనల్ క్యాంపుకి ముందర సెలవు పెట్టి ఇంటికొచ్చింది.

ఆపరేషనంటే ఆట అయిపోయినట్టేనని నాయన భయం. అందుకే ఈ కట్టు. క్లబ్బు డాక్టరు మాత్రం ఊరుకోలేదు. స్కాన్ రిపోర్టు సెంటరు నుంచి నేరుగా తనకు మెయిల్ రావాల, అదీ ఈ సాయంత్రం ఐదు లోపల. లేదంటే క్యాంపుకి పంపను అన్నాడు. ఎల్లుండే క్యాంపు.

"కొయ్యనీ అయ్యా," అనింది అమ్మ వంటింట్లోంచి. "స్కాను తీసినాక మళ్ళీ కట్టించొచ్చు."

నాయన పక్కకు జరిగినాడు. నేను మంచం కాడ మోకాళ్ళ మీద కూర్చోని గుడ్డ కోసినా. అమ్మ ఉడకబెట్టిన గుడ్లు రెండు గిన్నెలో పెట్టుకోని వచ్చి రెబెకా చేతికిచ్చింది. పొద్దున ఆరున్నర బస్సుకి చిత్తూరు నుంచి బయల్దేరి, సగం రోజు సెలవు పెట్టి వచ్చినదాన్ని నేను. టిఫిను తిన్నావా పెద్దపాపా అని ఒక్కరూ అడగలేదు.

"నువ్వూ తినక్కా," అనింది రెబెకా ఒక గుడ్డు నా నోటి ముందర పెట్టి.

"నేనేం ఆడల్లా యాడికి పోయి. నువ్వే తిను."

కట్టు ఊడొచ్చింది. కింద చర్మమంతా పచ్చగా, అక్కడక్కడా పొక్కులు. మోకాలు వాచి గుండ్రంగా ఉండాది. నేను కొంచెం కదిలిస్తే ఎముక మీద ఎముక పక్కకు జారింది. రెబెకా పెదివి కొరుక్కునింది గానీ అరవలేదు. అరిస్తే నాయన వింటాడని.

నాయన మా ఇద్దరి వైపూ చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పినాడు. "ఈ ఇంట్లోకి ఆట వచ్చిందే దీనితో. దీని కాలితోనే పోనియ్యను నేను."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

దీనితో వచ్చిందంట! దేవుడా, నేను ఆడినప్పుడు ఈ మనిషి యాడ ఉండాడు? నాయన పనిచేసిన బడిలోనే గదా నేను ఆడింది? గంట కొట్టి వచ్చి గ్రౌండు గట్టు మీద కూర్చోని చూసేవాడు గదా? పదిహేడేళ్ళప్పుడు స్టేట్ క్యాంపుకు రమ్మని నాకూ కాగితం వచ్చింది. అదే నెలలో అమ్మకి గర్భసంచి ఆపరేషను. వండేదానికి మనిషి కావాల. రెబెకాకి తొమ్మిదేళ్ళు. ఇంగేముంది, నేను పొయ్యి ముందర కూర్చున్నా. ఆ కాగితం గురించి తర్వాత ఈ ఇంట్లో ఎవురూ మాట్లాడలేదు, పోయినోళ్ళ గురించి మాట్లాడనట్టు.

అప్పుడు ఆడలేక, కాళ్ళు ఊరుకోక, చెనిక్కాయలు పీకేసిన చేన్లో ఈ తొమ్మిదేళ్ళదాన్ని నిలబెట్టి నేర్పించినా. "బంతిని చూడొద్దే, బంతి మోసం చేస్తాది. ఎదురొచ్చేదాని నడుము చూడు. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాది." ఎన్ని సాయంత్రాలు! మొన్న టీవీ వాళ్ళు వచ్చి, ఇంత బాగా అడ్డుకోవడం ఎవురు నేర్పినారమ్మా అని అడిగితే, ఈ మహాతల్లి ఏమనింది? "హాస్టల్లో మా కోచ్ సారు, ఎదురొచ్చేవాళ్ళ నడుము చూడమని చెప్పినారు" అనింది. నవ్వుతా చెప్పింది. నేను ఆ వీడియో పదకొండు సార్లు చూసినా. పదకొండోసారికి కూడా నా పేరు రాలేదు.

"అక్కా, పోదామా?" అనింది రెబెకా.

"పద. నాకేం వేరే పని ఉండాదా నీ మోకాలు మోసేది తప్ప."

చిత్తూరులో మా స్కానింగు సెంటరుకు పోయేసరికి పదకొండు దాటింది. నేను ఆడ రిపోర్టులు టైపు చేస్తా. డాక్టరమ్మ ఫిల్ములు చూసి మైకులో చెప్పుకుంటా పోతాది, నేను చెవుల్లో పెట్టుకోని కొడతా. ప్రింటు తీసి కట్టగా పెడితే సంతకాలు పెట్టేసి ఇంగో క్లినిక్కుకి పోతాది. ఆరేళ్ళుగా నేను కొట్టినదాన్ని ఆమె మళ్ళీ చదివింది లేదు. నా మీద అంత నమ్మకం.

మిషన్ నడిపే మునిశేఖర్ రెబెకాను చూస్తానే కుర్చీలోంచి లేచినాడు.

"ఏం స్టెల్లక్కా, రెబెకా మీ చెల్లెలా? ఇన్నాళ్ళూ చెప్పనే లేదే! మేడమ్, ఒక ఫోటో."

"కుంటుతా ఉండాది, కనబళ్ళేదా?" అన్నా నేను.

"ఒక్కటే అక్కా. ఇదిగో, నువ్వే తీయి."

నేనే తీసినా. నా ఫోను గాదు, వాడి ఫోనే. ఇంటికి పోతే అక్కడా అంతే. నా మొగుడు విజయ్ కుమార్ ఆర్టీసీ కండక్టరు. ఫోను తెరిస్తే ముందర మా పెండ్లి ఫోటో ఉండేది. ఇప్పుడు నాలుగో నంబరు జెర్సీలో మరదలు ఉండాది. ఏందయ్యా ఇది అంటే, "మన ఇంటి పిల్ల గదే, టికెట్లు ఇచ్చేటప్పుడు నలుగురూ చూస్తారు" అన్నాడు. కట్టుకున్నదాన్ని నలుగురూ చూడాల్సిన పనేముండాది పాపం.

కుళ్ళు అంటారా? అనుకోండి. నేను కాదనడం లేదు.

అద్దం ఇవతల నిలబడి చూసినా. మిషను దడదడా మోగతా ఉంటే లోపల రెబెకా కదలకుండా పండుకోనుండాది. ఇరవై ఒక్క ఏళ్ళది. హాస్టలు, యూనివర్సిటీ టీము, బెంగుళూరు క్లబ్బు, ఇప్పుడు దేశం జట్టు క్యాంపు. ఒక్క గోలు వేయలేదు ఇంతవరకూ. వేసేవాళ్ళను ఆపడమే దాని పని. మొదట్లో నాయన ప్రతి మ్యాచికీ ఫోను చేసి, "ఎన్ని గోల్సు ఏసినావు పాపా?" అని అడిగేవాడు. ఒక్కటీ వెయ్యనీలేదు నాయనా అని అది చెప్తే ఆయనకి అర్థమయ్యేది గాదు. నేను కూర్చోబెట్టి అర్థమయ్యేటట్టు చెప్పినా. ఆ తర్వాతే ఆయన చర్చిలో దాని గొప్ప చెప్పుకోను మొదలుపెట్టినాడు. అదీ నా పుణ్యమే.

మూడున్నరకి డాక్టరమ్మ గొంతు నా చెవుల్లో పడింది. ఎడమ మోకాలు. ముందరి లిగమెంటు పూర్తిగా తెగింది. లోపలి కుషను గూడా చీలింది.

నా వేళ్ళు కొట్టేసినాయి. మనసు ఆడ లేదు. డాక్టరమ్మ కట్ట మీద సంతకాలు పెట్టి, బ్యాగు తీసుకోని పోయింది. రెబెకా గోడ పట్టుకోని వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చునింది.

"చెప్పక్కా."

"తెగింది. మొత్తం."

అది తల వంచుకోని మోకాలి మీద చెయ్యి పెట్టుకునింది. ఏడుస్తాదేమో అనుకున్నా. ఏడవలేదు.

"ఈ రిపోర్టు నువ్వే గదా మెయిల్ పెట్టేది?"

"నేనే."

"అయితే ఒక్క మాట మార్చు. తెగిందని తీసేసి, సాగిందని కొట్టు."

"ఏమ్మే, తిక్క పట్టిందా నీకు? డాక్టరమ్మ సంతకం ఉండాది కింద."

"మెయిల్లో సంతకం లేకుండానే గదా పోయేది. ఫైలుకి మళ్ళీ ప్రింటు తీసి రేపటి కట్టలో పెట్టు. ఆమె చదవదని నువ్వే చెప్పినావు గదా."

"నా ఉద్యోగం పోతాది. పోలీసు కేసు గూడా అవతాది."

"ఎవురు చెప్తారు? నువ్వు చెప్పవు. నేను చెప్పను." అది నా చెయ్యి పట్టుకునింది. "నాయన సాయంత్రం పాస్టరయ్యను, సంఘం వాళ్ళను ప్రార్థనకి పిలిచినాడు. నన్ను సాగనంపేదానికి. అమ్మ మటన్ తెప్పించింది. ఇప్పుడు పోయి, లేదు నాయనా, అయిపోయింది అని ఎట్ల చెప్పేది? ఆ మనిషి మొహం చూడగలవా నువ్వు?"

"నాయన మొహం సంగతి కాదు. ఆ కాలితో ఆడితే మోకాలు ఏమైతాదో తెలుసా? ముప్ఫై ఏళ్ళకే కర్ర పట్టుకోని నడుస్తావు."

"నా మోకాలు, నా ఇష్టం."

"అయితే నా టైపింగు నా ఇష్టం!"

గట్టిగా అరిచినానేమో, మునిశేఖర్ తలుపు సందులోంచి తొంగి చూసినాడు. రెబెకా లేచి, గోడ పట్టుకోని, బయట బెంచీ మీదికి పోయి కూర్చునింది. పోతా పోతా తిరిగి చూసింది.

"నీ ఇష్టమక్కా. నిన్ను నమ్ముకున్నా."

నమ్ముకునిందంట. నేను కంప్యూటరు ముందర కూర్చున్నా. నాలుగూ పది.

నిజం రాసి పంపితే క్యాంపు పోతాది. ఆపరేషను, ఏడాది ఇంట్లో. ఆ తర్వాత పిలుస్తారో లేదో. నాయన చర్చిలో తల ఎత్తలేడు. విజయ్ కుమార్ ఫోను మీద ఫోటో మారుస్తాడు. ఆ తలపు రాగానే నాకు లోపల తియ్యగా అనిపించింది. దాచేదేముంది.

సరే, అబద్ధం రాసి పంపుదామనుకున్నా. సాగింది అని కొడితే అది క్యాంపుకు పోతాది. ఎగిరి దిగిన మొదటి దినమే కాలు మడత పడిపోతాది. ఇంగ ఎప్పటికీ లేవదు. అప్పుడూ లోపల తియ్యగానే అనిపించింది.

ఏం చేసినా ఓర్వలేనితనంతోనే చేసినట్టయితాది. చెల్లెలి మంచి కోరి చేసే పని ఒకటైనా ఉండాదా అని వెతుక్కున్నా. నిజం పంపడమే మంచిదని బుద్ధికి తెలుసు. డాక్టరైనా, పాస్టరైనా, ఎవురైనా అదే చెప్తారు. కానీ నేను దానికోసం పంపుతా ఉండానా? నాకోసం పంపుతా ఉండానా? ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే నాలుగో నంబరు జెర్సీ కనబడింది.

నాలుగూ నలభైకి నిజమే పంపినా. ఒక్క అక్షరం మార్చలేదు. పంపించి, నీళ్ళు తాగి, మొహం కడుక్కోని బయటికి పోయినా.

"పోయింది," అన్నా.

రెబెకా నా మొహం చూసింది. ఏది పోయిందని అడగలేదు. "పద, బస్సు పోతాది," అనింది.

ఐరాల బస్సులో కిటికీ సీటు దానికిచ్చినా. కాణిపాకం దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. చిన్నప్పుడు చేన్లోంచి ఎత్తుకొచ్చేటప్పుడు అట్లనే నిద్రపోయేది. దాని తల బరువు దారి పొడుగునా నా భుజాన్ని నొక్కతానే ఉన్నింది. లేపి చెప్పేద్దామా అని నాలుగైదు సార్లు అనుకున్నా. చెప్పలేదు.

ఇంటి ముందర చాపలు పరిచినారు. పాస్టరయ్య, సంఘం పెద్దలు, ఇరుగుపొరుగు ఆడోళ్ళు, పదిమంది దాకా ఉండారు. నాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకోనుండాడు. రెబెకాను చూస్తానే మొహం వెలిగిపోయింది ఆయనకి.

"ఏమన్నారు పాపా స్కానులో?"

"రిపోర్టు పంపినారు నాయనా. క్లబ్బు వాళ్ళు ఫోను చేస్తారు," అని చెప్పి అది నేరుగా వంటింట్లోకి వచ్చింది, నా వెనకాలే.

పాట మొదలయింది బయట. నేను సంగటి కెలకతా ఉంటే దాని ఫోను మోగింది. చెవికి పెట్టుకునింది. "సరే డాక్టర్... తెలుసు సార్... వస్తాను సార్," అంతే. పెట్టేసింది. నేను తెడ్డు వదలకుండా దాని మొహమే చూస్తా ఉండా. ఇప్పుడు నా మీద పడతాది, జుట్టు పట్టుకుంటాది అనుకున్నా.

అది చెంబుడు నీళ్ళు గటగటా తాగి, గోడకి ఆనుకోని నిలబడింది. "అమ్మయ్య," అనింది.

"ఏంది అమ్మయ్య?"

"ఉన్నది ఉన్నట్టే పంపినావు గదా. క్యాంపు లేదంట. వచ్చే వారమే ఆపరేషను. క్లబ్బే చేయిస్తాదంట."

"మరి మార్చమని కాళ్ళావేళ్ళా పడితివే!"

"పడితిని." అది గొంతు తగ్గించింది. "నాకు భయంగా ఉండాదక్కా. మెట్టు దిగితే మోకాలు జారిపోతాది. కానీ నాయన దగ్గిర పోయి నేను పోను అని నా నోటితో చెప్పలేను. ఎవురో ఒకరు ఆపాల నన్ను."

"ఆపమని అడగొచ్చు గదా! నేను కాదంటానా?"

"ఆపు అని అడిగి ఉంటే నువ్వు ఆపేదానివి కాదు." అది నవ్వలేదు, కోపంగానూ లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. "నీకు నామీద కడుపుమంట. చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు. నేను కుడికి అంటే నువ్వు ఎడమకు పోతావు. అందుకే మార్చమన్నా."

నా చేతిలో తెడ్డు సంగటిలోనే నిలబడిపోయింది. ఇంత చిన్నది, నా భుజం మీద నిద్రపోయిన మనిషి, నన్ను ఇంతగా చదివి పెట్టుకునిందా? నేను లోపల దాచుకోని దాచుకోని కుమిలిన దాన్ని, ఇది తన పనికి వాడుకునిందా? ఆఖరికి నా కుళ్ళు కూడా నాది గాకుండా పోయింది. అదీ రెబెకాకే పనికొచ్చింది.

"సిగ్గు లేదే నీకు?" అన్నా.

"నీకు ఉండాదా?" అనింది.

బయట పాట అయిపోయింది. "ఏమంటా ఉండారు పాపా ఫోన్లో?" నాయన గొంతు.

రెబెకా గోడ పట్టుకోని గడప దాకా పోయింది. నేను వెనకనే పోయినా. పదిమందీ తలలు తిప్పినారు.

"క్యాంపు లేదు నాయనా. లిగమెంటు తెగిందని రిపోర్టు పోయింది."

నాయన లేచి నిలబడినాడు. "ఎవురు పంపినారు అట్ల?"

ఇప్పుడైనా చెప్తాదని చూసినా. నేనే అట్ల చేయించినా నాయనా, అక్క తప్పు లేదు అని ఒక్క మాట. అది నాయన కాళ్ళ వైపు చూస్తా ఉండాది.

"అక్క పంపింది," అనింది.

నాయన నా వైపు తిరిగినాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండు. "నాకు తెలుసు స్టెల్లా," అన్నాడు. "నీకు దాన్ని చూస్తే ఓర్చుకోలేనితనం. ఎప్పుట్నుంచో చూస్తా ఉండా. సొంత చెల్లెలు గదా, కాలు తీసే పని చెయ్యవులే అనుకున్నా."

ఈయనకీ తెలుసు. అంటే అమ్మకీ తెలుసు. పన్నెండేళ్ళుగా నేను ఎవురికీ కనబడనియ్యలేదని అనుకున్నది అందరూ చూసి, ఎవురి పని వాళ్ళు చేసుకున్నారు. ఎందుకు ఈ పిల్లకి ఇంత మంట అని ఒక్కరు అడగలేదు.

"నిజమే నాయనా," అన్నా. "ఓర్వలేకనే పంపినా. కానీ పంపింది నిజం. దాని కాలు తెగింది గ్రౌండులో, నా టైపింగులో గాదు."

పాస్టరయ్య బైబులు మూసినాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, తనకు తెలిసిన ఒకే ఒక మాట అడిగింది.

"ఆపరేషనంటే మూడు నెలలు మంచం మీదే గదా. బెంగుళూరులో దీన్ని చూసుకునేదానికి ఎవురు పోవాల?"

"అక్క వస్తాది," అనింది రెబెకా. నన్ను అడగలేదు. మటనుకి ఉప్పు సరిపోయిందని చెప్పినంత తేలిగ్గా అనింది.

"రాను," అన్నా నేను.

రెబెకా తల ఎత్తింది. అన్నీ లెక్కేసుకున్న పిల్ల, ఈ మాటను మాత్రం లెక్కలో వేసుకోలేదు. మొదటిసారి దాని కళ్ళల్లో భయం చూసినా. నాకు సంతోషంగా ఉన్నింది.

"అక్కా, అట్ల కాదు, నేను చెప్పేది విను," అంటా గోడ వదిలేసి నా వైపు వచ్చింది. ఎడమ కాలు ముందర పెట్టింది. మోకాలు పక్కకు తిరిగిపోయింది. నాయన అరిచినాడు. చాప మీది వాళ్ళంతా లేచినారు.

అందరికంటే దగ్గిరగా ఉండేది నేనే. చెయ్యి చాపితే అందే దూరం. నా చేతులు లేవలేదు. అది గడప మీద పడినాక లేచినాయి.

అంతా వచ్చి దాన్ని ఎత్తుతా ఉండారు. రెబెకా వాళ్ళెవురినీ చూడలేదు. నా చేతుల వైపే చూస్తా ఉండాది.